ఔలీ మంచులో మా ఓదెలు కాక పైరవీ

ఔలీకి ఎందుకు వెళ్లావని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. మంచు చూడాలనిపించిందా, హిమాలయాలు పిలిచాయా అంటారు. నన్ను ఏ హిమాలయాలూ పిలవలేదు. బి.ఇడి. తప్పించుకోవడానికి వెళ్లాను. తెలంగాణ రాకముందు, ఆ పెద్ద సమ్మె అయిపోయిన మరుసటి చలికాలం మాట ఇది. అప్పట్లో మా బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో ఏ క్వార్టర్ తలుపు తట్టినా లోపలి నుంచి ఒక బి.ఇడి. అమ్మాయి బయటికి వచ్చేది. డిగ్రీ అయిపోతే బి.ఇడి., సంబంధం కుదరకపోతే బి.ఇడి., కుదిరినా ముహూర్తం దూరముంటే బి.ఇడి. నేనొక్కదాన్నే మొండికేసి కరీంనగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేశాను. తీరా చేసి వచ్చాక చూస్తే గోదావరిఖనిలో హోటల్ అంటే ఇడ్లీ, వడ, సింగిల్ చాయ్. దాన్ని మేనేజ్ చెయ్యడానికి ఓనరు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చాలు, డిప్లొమాతో పని లేదు. చివరికి చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో చేరి, ఊరందరి రేషన్ కార్డులూ నకళ్లు తీస్తూ కూర్చున్నాను.

అలాంటి రోజుల్లో డిప్లొమాలో నాతో చదివిన అమ్మాయి ఫోన్ చేసింది. ఉత్తరాఖండ్‌లో ఔలీ అని ఒక చోటుందట, చలికాలం జనం కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారడానికి వస్తారట. జనవరి నుంచి మార్చి దాకా అక్కడి రిసార్టులకు మనుషులు చాలరు. రూము, తిండి వాళ్లే ఇస్తారు, జీతం వేరే. ఒక చిన్న రిసార్టులో రెండు ఖాళీలున్నాయని, నేరుగా వెళ్లి నిలబడితే ఒక పూట పని చేయించి చూసి అప్పటికప్పుడే చెప్పేస్తారని అంది. ఆ సాయంత్రం బాపు డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి కూర్చున్నాక మెల్లగా విషయం కదిపాను. ఆయన చాయ్ మొత్తం తాగేశాడు. తర్వాత ఒకటే మాట చెప్పాడు: "ఈ ఒక్కసారి పోయి చూడు. నౌకరి దొరికితే ఏటా పో, నేను అడ్డం రాను. దొరకకపోతే మాత్రం వచ్చి బి.ఇడి. ల చేరాలె. మల్ల హోటల్ ముచ్చట ఇంట్ల ఎత్తద్దు."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలిసింది, నాతోపాటు ఓదెలు కాక వస్తున్నాడని. ఓదెలు కాక మా బాపు తమ్ముడు. గని లోపల బొగ్గు తొట్లను తాడుతో లాగే హాలర్ నడుపుతాడు. అది ఆయన డ్యూటీ మాత్రమే. అసలు వృత్తి పైరవీ. యూనియన్‌లో ఒక గనికి చిన్నపాటి నాయకుడు కాబట్టి, ఎవరికైనా లోపలి పని నుంచి పైపనికి మార్పు కావాలన్నా, వాన కురిసే క్వార్టర్ బదులు కురవని క్వార్టర్ కావాలన్నా, పెద్ద దవాఖానకు రాయించుకోవాలన్నా కాక దగ్గరికే వస్తారు. "పైరవీ లేకుంట పొద్దు గూడ పొడువది బిడ్డా, పైన ఎవలో చెప్తేనే పొడుస్తంది" అనేది ఆయన సిద్ధాంతం. అక్కడ పైరవీ అక్కరలేదు, ఊరికే వెళ్లి నిలబడితే చాలు అని ఎంత చెప్పినా జాలిగా నా వైపు చూసి, తన బ్యాగులో ఒక సకినాల డబ్బా, అరడజను శాలువాలు సర్దుకున్నాడు. "గిన్ని శాలువాలెందుకు కాకా, చలికా?" అని అడిగితే "చలికి గాదు, సార్లకు" అన్నాడు. మా బొగ్గుబాయిల మీద ఎవరితో పని పడ్డా ముందు శాలువా కప్పాలి, ఫోటో దిగాలి, తర్వాతే కాగితం బయటికి తియ్యాలి. అది అక్కడి పద్ధతి.

మీరూ వెళ్లాలనుకుంటే దారి ఇలా ఉంటుంది. రామగుండంలో పొద్దున ఢిల్లీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దునకు ఢిల్లీలో దిగుతాం. స్లీపర్ టికెట్టు అప్పట్లో నాలుగైదు వందలుండేది. కాశ్మీరీ గేట్ బస్టాండు నుంచి రిషీకేశ్‌కు బస్సులో ఆరేడు గంటలు. ఆ రాత్రి అక్కడే ఏదైనా ధర్మశాలలో పడుకుని, తెల్లవారుజామునే జోషిమఠ్ బస్సు పట్టుకోవాలి, ఎందుకంటే ఆ కొండదారిలో చీకటి పడ్డాక బండ్లను పోనివ్వరు. టికెట్టు మూడు వందల లోపే. ప్రయాణం మాత్రం దాదాపు పగలంతా. దేవప్రయాగ దాటాక రోడ్డుకు ఒక పక్క లోయ, ఇంకో పక్క తల మీదికి వంగిన కొండ. బస్సులో అందరూ లోయ వైపు చూసి భయపడుతుంటే కాక కొండ వైపు చూసి భయపడ్డాడు. ఇరవై ఏళ్లు గనిలో పైకప్పు చూసి బతికినవాడు కదా. రాయి ముందుకు పొడుచుకొచ్చిన ప్రతి చోటా తల వంచి, "దీనికి సపోర్ట్ లేదు, ఒక్క దిమ్మె గూడ పెట్టలే, గీళ్ల ఓవర్‌మన్ ఎవడు?" అని గని సూపర్‌వైజరును తిట్టినట్టు గొణిగేవాడు. సాయంత్రానికి ఆయన మెడ పట్టేసింది. పక్క సీటులోని ముసలమ్మ ఆయనకు దైవభక్తి ఎక్కువనుకుని, ప్రతి మలుపులోనూ తనూ దండం పెట్టింది.

జోషిమఠ్ నుంచి ఔలీకి రెండు దారులు. రోప్‌వే ఎక్కితే చుట్టూ కొండలు చూసుకుంటూ పోవచ్చు, కాని రానుపోను టికెట్టు అప్పటికే వందల్లో ఉండేది. షేర్ జీపైతే అందులో పదోవంతుకు అయిపోతుంది. మేం మర్నాడు పొద్దున్నే జీపు ఎక్కాం. కాక వేషం చెబుతాను వినండి: రెండు స్వెట్టర్లు, దాని మీద కంపెనీ ఇచ్చిన జెర్కిన్, కోతి టోపీ, కాళ్లకు గనిలో నీళ్లలో తొడుక్కునే గమ్‌బూట్లు. డ్రైవరు బిష్ట్ మాటకారి. ఏ రిసార్టుకు వెళ్తున్నామో, ఎందుకో అడిగి తెలుసుకుని, "అక్కడ నేగీ మేడమ్ ఉంటుంది. మంచి మనిషి. కాని సిఫారసు అంటే ఒంటి మీద తేళ్లు పాకినట్టు ఎగిరిపడుతుంది. పోయినేడు ఒక ఎమ్మెల్యే మనిషి ఉత్తరం తెస్తే పొయ్యిలో వేసింది" అన్నాడు. నేను కాక వైపు గుచ్చి చూశాను. కాక నవ్వి తెలుగులో నాతో అన్నాడు: "అందరు గట్లనే అంటరు. మా మేనేజర్ గూడ గట్లనే అంటడు. సిఫారసు పడదు అన్నోని కాడనే సిఫారసు మంచిగ నడుస్తది. నువ్వు ఫికర్ జెయ్యకు." నాకు ఫికర్ అప్పుడే మొదలైంది.

జీపు దిగగానే మంచు. ఇంత తెలుపు నేను జన్మలో చూడలేదు, కళ్లు చికిలించకుండా నిలబడలేకపోయాను. కాక మాత్రం "బాయిల మోకాలు లోతు బురదల నడిచిన బూట్లివి, దీనికి భయపడ్తయా" అంటూ ధీమాగా ఒక్క అడుగు వేసి, రెండో అడుగుకు కూర్చుండిపోయాడు. పడ్డావా అని అడిగితే "పడలే, కూసున్న" అన్నాడు. రిసార్టు తలుపు దాకా ఇంకో మూడుసార్లు కూర్చున్నాడు.

లోపలికి వెళ్లాక ఎవరితో ఏమీ మాట్లాడొద్దని కాకతో ఒట్టు వేయించుకుని, హాల్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేను ఆఫీసు గదికి వెళ్లాను. నేగీ మేడమ్‌కు యాభై ఏళ్లుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. రెండు ఖాళీల్లో ఒకటి నిన్ననే నిండిందని, మిగిలిన ఒక్కదానికి నేను కాకుండా ఇంకో అమ్మాయి వచ్చిందని, ఇద్దరూ మధ్యాహ్నం దాకా పని చేసి చూపిస్తే అప్పుడు చెబుతానని అంది. ఆ రెండో అమ్మాయి పేరు పూనమ్, మీరట్ నుంచి వచ్చింది. నాలాగే డిప్లొమా, నాలాగే ముక్కు ఎర్రగా ఉంది. పరీక్షలో సగం పని పక్కలు వెయ్యడం, వేడినీళ్ల సంచులు నింపి దుప్పట్ల కింద పెట్టడం. దానికి నేను జంకలేదు. మిగతా సగమే కష్టం: వంటింటి నుంచి పైనున్న కాటేజీలకు మంచు తొక్కుకుంటూ ట్రేలు మొయ్యాలి. దారి మధ్యలో హాలు గుండా వెళ్లాలి కాబట్టి, కాక ఏం చేస్తున్నాడో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కనబడుతుండేది.

మొదటిసారి వెళ్లినప్పుడు కాక పొయ్యి దగ్గర లేడు. వాకిట్లో నిలబడి, జీపు మీది నుంచి టూరిస్టుల సామాను దించుతున్న కూలీలకు ఉచితంగా పెత్తనం చేస్తున్నాడు. ఎవరు ఏం మోస్తున్నా పక్కన నిలబడి "ఆయిస్తా, ఆయిస్తా" అని మెల్లగా దించమనకుండా ఉండలేడు. రెండోసారి వెళ్లినప్పుడు పొయ్యి పక్కన, టై కట్టుకుని పొడుగు కోటు వేసుకున్న ఒక లావుపాటి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. దారిన పోయే ప్రతివాడినీ పిలిచి "ఏ ఊరు, ఏం పేరు" అని అడుగుతున్నాడు. కాక ఆయన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. పాలకుండ దొరికిన పిల్లి చూపు అది. కళ్లతోనే వద్దని చెప్పాను, కాని చేతిలో నాలుగు ఆమ్లెట్లున్నాయి, ఆగడానికి లేదు. మూడోసారి వచ్చేసరికి ఆ పెద్దమనిషి భుజాల మీద మా ఎర్ర శాలువా మెరుస్తోంది. కూలీ ఒకడు ఫోటో తీస్తున్నాడు. నా కాలు అక్కడే తడబడింది, ట్రేలోని ఆమ్లెట్లు గడప దాటకముందే నేల మీదికి దిగాయి. నేగీ మేడమ్ చూసింది.

నాలుగోసారికి సకినాల డబ్బా ఖాళీ. అయిదోసారికి ఆ పెద్దమనిషే కాకకు ఒక గజక్ పెట్టె బహుమానంగా ఇస్తున్నాడు. సార్లు పైరవీకారుకు మిఠాయి ఇవ్వడం ఏ లోకంలో ఉంది? అప్పటికైనా కాకకు అనుమానం రావాల్సింది, రాలేదు. వంగి దండం పెట్టి పెట్టె చంకలో పెట్టుకున్నాడు.

పన్నెండు దాటాక వంటింట్లో పూనమ్, నేను ప్లేట్లు తుడుస్తున్నాం. ఆమె మొహం వెలిగిపోతోంది. ఉండబట్టలేక నా చెవిలో చెప్పింది. "ఏమనుకోకు రజితా, నా పని అయిపోయినట్టే. ఈ రిసార్టు పెద్దాయన ఒకాయన మా పాపాకు మాటిచ్చాడు. సామాను దగ్గరుండి దింపించాడే, ఆ కోతి టోపీ ఆయన. ఎంత మర్యాద! రాగానే పాపాకు శాలువా కప్పాడు."

"మీ పాపా ఎవరు? ఆ టై కట్టుకున్న లావుపాటి ఆయనా?" అని అడిగాను.

"అవును. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. త్యాగీజీ అంటారు. ఏం?"

"ఆ కోతి టోపీ ఆయన మా కాక," అన్నాను.

ఇద్దరం ప్లేట్లు అక్కడ పడేసి హాల్లోకి పరుగెత్తాం. అప్పటికే ఆలస్యమైంది. కాక, త్యాగీజీ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఆఫీసు గదిలోకి వెళ్లిపోతున్నారు. తలుపు దగ్గర "మీరు ముందు" అంటే "మీరు ముందు" అని కాసేపు మర్యాదలు కూడా జరిగాయి. మేం చేరుకునేసరికి కాక తన హిందీలో, అంటే మా గోదావరిఖని హిందీలో, నేగీ మేడమ్‌కు చెబుతున్నాడు: "మేడమ్, మీకు తక్లీఫ్ ఏం లేదు. సార్ ఒప్పుకున్నడు. మా రజిత పేరు రాసుకుంటె అయిపాయె."

"ఏ సార్?" అంది మేడమ్.

కాక త్యాగీజీని చూపించాడు. అదే క్షణంలో త్యాగీజీ కాకను చూపిస్తూ, "ఈ సాబ్ ఒప్పుకున్నారు, మా పూనమ్ పేరు రాసుకోండి" అన్నాడు. ఇద్దరూ ఒకరి వేలు వైపు ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ పొద్దున నుంచి ఒకరికొకరు "తప్పకుండా చూస్తాను, అయిపోయినట్టే అనుకోండి" అని చెప్పుకుంటూనే ఉన్నారట. కాక నాయకుడు కాబట్టి ఎవరు ఏది అడిగినా లేదనడు. త్యాగీజీ ముప్పై ఏళ్లు కౌంటర్ వెనుక కూర్చున్నవాడు, ఆయనకూ లేదనడం అలవాటు లేదు, రేపు రమ్మంటాడు. దొందూ దొందే.

పరువు గంగలో కలిసిందంటారు. కింద లోయలో పారుతున్నది అలకనంద కాబట్టి మాది అందులో కలిసింది. నేగీ మేడమ్ గొంతు పెంచలేదు. "సిఫారసుతో వచ్చినవాళ్లను నేను పెట్టుకోను. రెండు గంటలకు జీపు ఉంది. నలుగురూ దిగిపోండి" అంది. పూనమ్ ఏడవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు, కళ్ల ముందు బి.ఇడి. కాలేజీ నల్లబల్ల కనబడింది. ఇరవై మంది పిల్లలకు పాఠం చెబుతున్నట్టు నటిస్తూ, మిగతా బి.ఇడి. అమ్మాయిల ముందు నిలబడ్డ నన్ను నేను చూసుకున్నాను.

బయటికి వచ్చాక మగవాళ్లిద్దరూ ముందు కొట్లాడుకున్నారు. "నా శాలువ నాకియ్యి" అని కాక, "నా గజక్ నాకివ్వు" అని ఆయన. గజక్ సగం అప్పటికే కాక కడుపులో ఉంది. కొట్లాట ముదరకముందే ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది, శత్రువు లోపల ఉన్నాడని. కాక కళ్లు మెరిశాయి. రిసార్టు గేటు ముందు నట్టనడి మంచులో ఒక శాలువా పరిచి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. త్యాగీజీని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చెయ్యి పైకెత్తి అరిచాడు:

"మేడమ్ మొండి వైఖరి..."

త్యాగీజీ అయోమయంగా చూశాడు. కాక నేర్పించాడు: "నశించాలె అను."

"నశించాలె!" అన్నాడు త్యాగీజీ, మీరట్ యాసలో.

"మా పిల్లలను చర్చలకు..."

"నశించాలె!"

"గది గాదు, పిలువాలె అను!"

అయిదు నిమిషాల్లో జనం పోగయ్యారు. కాళ్లకు పలకలు కట్టుకున్నవాళ్లు జారడం ఆపి మరీ చూశారు. ఒక కలకత్తా కుటుంబం ఇది ఇక్కడి జానపద కళ అనుకుని, మళ్లీ సాయంత్రం ఎన్ని గంటలకు ఉంటుందని నన్ను అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. జనం ఉన్నారని కూడా చూడలేదు. "కాకా, లే! ఎవలతోని మాట్లాడనని ఒట్టేసినవు. నా నౌకరి నువ్వే పోగొట్టినవ్. ఇగ మంచుల కూసుంటె వస్తదా? సిగ్గు లేదా నీకు?" అని అరిచాను. చిన్నప్పటి నుంచి కాక మీద నేను గొంతు లేపింది లేదు.

కాక చెయ్యి దించాడు. కోతి టోపీలోంచి కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. "నాకు ఇవి రెండే వచ్చు బిడ్డా," అన్నాడు. "పైరవీ, ధర్నా. మూడోది నాకెవలు నేర్పలే. నువ్వు ఖాళీ చేతులతోని ఇంటికి పోవద్దని చేసిన."

ఆ మాటకు నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. ఇంక అక్కడ ఉండలేక వంటింట్లోకి వెళ్లాను. ఊరికే నిలబడితే ఏడుస్తానేమోనని పొయ్యి మీద చాయ్ పెట్టాను, పెద్ద గిన్నెతో. పూనమ్ కూడా వచ్చి అల్లం దంచింది. ఇద్దరం ఎవరినీ అడగకుండా రెండు ట్రేలు తీసుకుని బయటికి నడిచాం. ఈసారి నా కాలు జారలేదు. ముందు చుట్టూ నిలబడ్డ టూరిస్టులకు ఇచ్చాం, చివరికి ధర్నా దగ్గరికి వచ్చాం. త్యాగీజీ రెండు చేతులతో గ్లాసు లాక్కున్నాడు.

"ఏయ్, దీక్షల కూసోని చాయ తాగుతవా!" అని కాక కేక వేశాడు.

"మీరు ధర్నా అన్నారు, దీక్ష అని ఎప్పుడు అన్నారు?" అని త్యాగీజీ తాగుతూనే అడిగాడు. కాకకు సమాధానం చెప్పాలని ఉంది, కాని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నినాదం కూడా ముక్కలు ముక్కలుగా వస్తోంది. చివరికి నేను బలవంతంగా గ్లాసు చేతిలో పెడితే, మొహం అటు తిప్పుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

నేగీ మేడమ్ ఎప్పుడు వచ్చిందో మా వెనుక నిలబడి ఉంది. "చాయ్ ఎవరు చెయ్యమన్నారు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. కూర్చున్నవాళ్లు మీ గెస్టులు కాదు, కాని చలిలో నిలబడి చూస్తున్నవాళ్లు మీ గెస్టులే కదా," అన్నాను. పోయేదాన్ని ఎలాగూ పోతున్నాను, ఇంక భయమెందుకు.

ఆమె మా చేతుల్లోని ట్రేల వైపు చూసింది. "అమ్మాయిల తప్పు లేదు," అంది. "పొద్దున పని ఎవరెలా చేశారో దాన్నిబట్టే చెబుతాను. పూనమ్ ఒక్క ట్రే కూడా జారవిడవలేదు. పూనమ్‌ను తీసుకుంటున్నాను."

అది న్యాయమే. ఆమ్లెట్లు నా చేతిలోంచే పడ్డాయి. న్యాయమని తెలిసినా పూనమ్ నన్ను వాటేసుకుంటే వీపు తట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయాను. త్యాగీజీ సంతోషం పట్టలేక కాకను కౌగిలించుకోబోయి, కాక మొహం చూసి ఆగిపోయాడు.

కాక మెల్లగా లేచాడు. జెర్కిన్ మీది మంచు దులుపుకున్నాడు. ఈసారి నాయకుడి గొంతుతో కాదు, మామూలుగా అడిగాడు: "మేడమ్, ఒక్క మాట. మీ దగ్గర పనిచేసేటోళ్లు ఎవ్వరు నాగ పెట్టరా? అంటే డ్యూటీకి రాకుంట ఎగ్గొట్టరా?"

"ఎందుకు పెట్టరు? ఒకరికి జ్వరం, ఒకరికి కాలు బెణుకు. సీజన్‌లో నా తలనొప్పే అది," అంది మేడమ్.

"మా బాయిల మీద దానికొక పద్ధతున్నది," అన్నాడు కాక. "బదిలీ అంటరు. ఒక మనిషి రోజూ డ్యూటీ టైముకు వచ్చి నిలవడుతడు. ఎవలన్న రాకపోతే ఆ పని ఆయనది, ఆ దినం జీతం ఆయనది. అందరు వస్తే వాపసు పోతడు. మా రజితకు పండ జాగ, తినేటానికి తిండి ఇయ్యిండ్రి. పని చేసిన దినానికే పైసలియ్యిండ్రి. మీకేం నష్టం?"

మేడమ్ ఆలోచించింది. ఇలాంటిది ఎవరూ తనకు చెప్పలేదంది. తర్వాత నన్ను అడిగింది, ఉంటావా అని. ఉంటానన్నాను, ఆలోచించకుండానే. ఆమె లోపలికి వెళ్లిపోయాక కాక వైపు చూస్తే ఆయన మొహం అదోలా ఉంది. అప్పుడు వెలిగింది నాకు. పదేళ్లుగా ప్రతి గేట్ మీటింగులో కాక గొంతు చించుకుని అరిచే నినాదం ఒకటే: బదిలీ పద్ధతి రద్దు చెయ్యాలె. మనుషులను గేటు దగ్గర పశువుల్లెక్క నిలబెడుతున్నరని, యాజమాన్యం సిగ్గుపడాలని ఉపన్యాసాలిచ్చిన మనిషి, సొంత అన్న బిడ్డను తన చేతులతోనే అందులో పెట్టాడు. కాక నా దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "బిడ్డా, నీ దండం పెడ్త. గీ ముచ్చట యూనియన్ ఆఫీసుల మాత్రం చెప్పకు." నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇద్దరం మంచులో నిలబడి పిచ్చివాళ్లలా నవ్వాం.

ఇంక ఇంటికి ఫోన్ చెయ్యాలి. సిగ్నల్ కోసం కాస్త పైకి ఎక్కాల్సి వచ్చింది. కాక నంబరు కలిపి, తను మాట్లాడకుండా ఫోన్ నా చేతిలో పెట్టాడు. "దొరికిందా?" అన్నాడు బాపు, హలో కూడా లేదు. దొరికిందని చెప్పి పెట్టేద్దామనిపించింది. నోరు రాలేదు.

"దొరికింది బాపు. కని బదిలీ," అన్నాను.

మా బాపు పర్మనెంట్ కాకముందు ఏడేళ్లు బదిలీ. నేను పుట్టేనాటికి ఇంకా బదిలీయే. టిఫిన్ డబ్బాతో పొద్దున్నే వెళ్లి, ఎవరూ నాగా పెట్టకపోతే అదే డబ్బాతో తిరిగొచ్చేవాడట. అమ్మ ఏమీ అడగకుండా ఆ డబ్బా విప్పి మా ముందు పెట్టేదట. ఇది దొరికినట్టు కాదు, రైలెక్కి వచ్చెయ్యమంటాడని కాచుకున్నాను.

"అందరికన్న ముందుగాల పోయి నిలవడు," అన్నాడు బాపు చివరికి. "ఎనుకకు నిలవడకు బిడ్డా, పిలిచేటోనికి కనవడది. ఆకలైనా, చలైనా, పేరు పిలిచేదాక జాగ ఇడువకు. ఒక్క మస్టర్ గూడ, ఒక్కనాటి హాజరు గూడ పోగొట్టుకోకు." అంతే, పెట్టేశాడు. బి.ఇడి. మాట రాలేదు.

ఆ సీజన్‌లో నేను ఊరికే వాపసు వచ్చిన రోజులు చాలా తక్కువ. పక్కలు వేశాను, ట్రేలు మోశాను, ఒక వారమంతా పాత్రలే తోమాను, మంచు కరిగేనాటికి పలకలు కట్టుకుని పది గజాలు పడకుండా జారడం కూడా వచ్చింది. తర్వాతి రెండు చలికాలాలు మేడమే ఫోన్ చేసి పిలిచింది, అప్పుడు బదిలీని కాదు. ప్రయాణం అంటే చోటు చూడటమని అంతకుముందు అనుకునేదాన్ని. పని వెతుక్కుంటూ వెళ్లినదానికి చోటు చివర్లో కనబడుతుంది. ఔలీలో నందాదేవి శిఖరం ఎదురుగానే ఉంటుంది, ఫోటోలు తీసుకోవడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేను దాన్ని మొదటిసారి తలెత్తి చూసింది వచ్చిన రెండో వారంలో. అంతవరకు నా కళ్లు వంటింటి తలుపు మీదే ఉన్నాయి, ఎవరు రాలేదో, ఎవరి పేరు బదులు నా పేరు పిలుస్తారో అని.

మీలో ఎవరైనా అక్కడికి పనికి వెళ్లాలనుకుంటే ఒక్క మాట చెబుతాను. డిసెంబర్ చివరి వారానికి జోషిమఠ్ చేరుకోండి, పొద్దున మొదటి జీపులోనే పైకి వెళ్లండి, పట్టున్న బూట్లు, రెండు జతల చేతి తొడుగులు వెంట ఉంచుకోండి. ఖాళీ లేదని చెబితే వెంటనే దిగి వచ్చెయ్యకండి. మధ్యాహ్నం దాకా వంటింటి తలుపు దగ్గర కనబడుతూ నిలబడండి. మంచు కదా, ఎవరో ఒకరు జారిపడకుండా ఏ రోజూ గడవదు.